స్పానిష్ ఇమ్మర్షన్ డే గారికి

మహారాజశ్రీ ఇమ్మర్షన్ డే గారికి,

నిన్న ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా తమరి సన్నిధిలో గడిపే భాగ్యం కలిగింది. "రోజంతా స్పానిష్ మాత్రమే" అని మా అనంతపురం సప్తగిరి సర్కిల్లో ఫ్లెక్సీ కట్టించుకున్న తమరు "గుడ్ మార్నింగ్, టుడే వీ విల్ స్పీక్ ఓన్లీ స్పానిష్" అనే ఇంగ్లీషు వాక్యంతో మొదలై, "ప్లీజ్ ఫిల్ ద ఫీడ్‌బ్యాక్ ఫార్మ్" అనే ఇంగ్లీషు వాక్యంతో ముగిశారు. మధ్యలో స్పానిష్ లేదని నేను అనను. ఉంది, స్క్రీను మీద, ఇంగ్లీషు అర్థాల పక్కన. తమరి ఫీడ్‌బ్యాక్ ఫారంలో అయిదు నవ్వుమొహాలు తప్ప రాసుకోను చోటు లేదు. అందుకే ఈ లేఖ.

నేను తమరి దాకా ఎందుకొచ్చానంటే, మిగతా దారులు మూసుకుపోయాయి. లైబ్రరీ గదిలో సాయంత్రం పూట ఉచిత క్లాసు బాగానే నడిచేది. గ్రూప్-2 నోటిఫికేషన్ పడగానే ఆ గది కోచింగ్ పిల్లలకు పోయింది. మా ఆఫీసులో లంచ్ టైం క్లాసు పెట్టారు. అందులో నాకు గట్టిగా వచ్చిన వాక్యం "ఏనుగు పాలు తాగుతుంది". క్లయింటుతో ఆ మాట అనే సందర్భం కోసం ఇంకా ఎదురుచూస్తున్నా. ఆ తర్వాత ఆఫీసువాళ్ళే సగం ఫీజు కట్టి తమరి దగ్గరకు పంపారు. మిగతా సగం జీతంలో కోసుకుంటారట.

చిన్న సంగతులు ముందు తేల్చేద్దాం. 'స్పానిష్ లంచ్' అన్నారు. పసుపేసిన వెజిటబుల్ పలావు మీద నాలుగు బఠానీలు చల్లి పక్కన 'పయేయా' అని చీటీ పెట్టారు. పయేయా స్పెయిన్‌లో వలెన్సియా వాళ్ళ వంట. వాళ్ళ చెవిన పడకుండా చూసుకోండి, తమరి మంచికే చెబుతున్నా. పెరుగుపచ్చడి మాత్రం బాగుంది. 'స్పెయిన్ నుంచి ముఖ్య అతిథి' ప్రొజెక్టర్ మీద కనిపించి, శబ్దం లేకుండా కాసేపు పెదాలు కదిపి, కరెంటుతో పాటే వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్టు మీద నా ఇంటిపేరు తప్పు. సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెట్టే స్పానిష్ భాషా పరీక్ష, దెలె, పాసైతే ఇచ్చే సర్టిఫికెట్టుకు గడువంటూ ఉండదు, బతికినన్నాళ్ళూ చెల్లుతుంది. తమరి దానికీ గడువు లేదు. చెల్లడం మొదలైతే కదా.

ఇవన్నీ మరిచిపోతాను. మరిచిపోలేనిది ఆ డబ్బా.

పాత బిస్కెట్ల డబ్బా, మూతకు చీలిక, మీద స్కెచ్ పెన్నుతో 'నో తెలుగు, పది రూపాయలు' అని రాత. ముందు వరసలో పిల్ల తుమ్మి "అమ్మా" అంటే పది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరి నేను "అయ్యో" అంటే పది. ఒకాయనకు ఇంటి నుంచి ఫోనొస్తే "ఆ, చెప్పు" అన్నందుకు ఇరవై, రెండు మాటలు కదా. సరే, కట్టాం. నియమం నియమమే. మరి ఇంగ్లీషుకో? తమరి ట్రైనర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది ఇంగ్లీషే. ఒక్క నాణెం పడలేదు. ఇంగ్లీషుకు డబ్బానే లేదు. స్పానిష్ రాకుండా మాకు అడ్డం పడుతున్నది తెలుగు ఒక్కటేనన్న మాట.

'మె గుస్తా' పాఠం గుర్తుచేస్తాను. బోర్డు మీద "ఐ లైక్ మ్యాంగోస్" అని రాసి, ఐ కింద గీత, మ్యాంగోస్ చుట్టూ సున్నా, ఇటొక బాణం, అటొక బాణం. "స్పానిష్‌లో ఇది రివర్సు, మీకు విచిత్రంగా ఉంటుంది, మెల్లగా అలవాటవుతుంది" అని ఇంగ్లీషులో ఓదార్పు. ఎవరికండీ విచిత్రం? మె గుస్తాన్ లోస్ మాంగోస్, నాకు మామిడిపండ్లు నచ్చుతాయి. మె అంటే నాకు. పండ్లు ఎక్కువున్నాయి కాబట్టి అక్కడ గుస్తాన్, ఇక్కడ నచ్చుతాయి. ఒకటే పండైతే అక్కడ గుస్తా, ఇక్కడ నచ్చుతుంది. మె దుఎలె లా కబేసా, నాకు నొస్తోంది తల. మా అవ్వ రోజూ అనేది ఈ మాటే. ఈ మూడు భాషల్లో అడ్డం తిరిగి నిలబడింది ఇంగ్లీషు. దాన్ని నిటారుగా ఉన్నట్టు లెక్కేసి, మమ్మల్ని ముందు దాని ఆకారంలోకి వంచి, మళ్ళీ స్పానిష్ కోసమని విరిచారు.

మేం "వస్తాను" అంటే చాలు, వచ్చేదెవరో క్రియే చెబుతుంది. "వెంగో" అన్నా అంతే. ఇంగ్లీషుకు 'ఐ' లేనిదే అడుగు పడదు కాబట్టి హాలు మొత్తం చేత "యో వెంగో, యో కోమో, యో వీవో" అని అరిపించారు. కింద టీ కొట్టాయన పైకొచ్చి ఏమైనా గొడవా అని అడిగిపోయాడు.

తూ ఎవరిని అనాలి, ఉస్తేద్ ఎవరిని అనాలి అని 'ఫార్మల్, ఇన్‌ఫార్మల్' పేరుతో ఇంకో అరగంట. స్వామీ, మేం రాయలసీమవాళ్ళం. నువ్వు ఎక్కడ అనాలో మీరు ఎక్కడ అనాలో తెలియకుండా ఇక్కడ ఎవరూ ఇంత వయసు దాకా బతకలేదు.

అన్నిటికంటే ఘోరం ఆ 'త' గతి. స్పానిష్ త అచ్చం మన తాతలోని త. నాలుక పళ్ళకు ఆనితే చాలు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో చూసేసరికి మన నోటికి అది ట అయిపోతుంది, బడిలో పడిన అలవాటు అది. అందుకే 'బుఎనాస్ తార్దెస్', అంటే గుడ్ ఆఫ్టర్‌నూన్, హాల్లో 'బ్యూనాస్ టార్డెస్' అయింది. తెలుగు అక్షరాల్లో రాసిస్తే ఒకటో తరగతి పిల్లోడు దాదాపు సరిగ్గా చదివే మాట. దాన్ని ఇంగ్లీషులో రాసి, తప్పు పలికించి, ఆ తప్పును దిద్దడానికి 'ప్రొనన్సియేషన్ సెషన్' అని వేరే పెట్టి, దానికి వేరే ఫీజు వేశారు. చీనీ (బత్తాయి) మండీలో రైతుకీ కొనేవాడికీ నడుమ నిలబడి ప్రతి టన్నులో సూటు పేరుతో తరుగు కోసుకునే దళారి కూడా ఇంత నిబ్బరంగా పని చేయడు.

తెలుగొస్తే స్పానిష్ వచ్చేసినట్టేనని నేను చెప్పడం లేదు. బల్ల ఆడదెందుకయిందో, పుస్తకం మగదెందుకయిందో తెలుగు చెప్పదు. స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు, రెండూ ఇంగ్లీషుకు ఒకటే, 'టు బి'. తెలుగులో "ఆయన డాక్టరు" వేరు, "ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు" వేరు కాబట్టి ఆ తేడా మాకు సగం దూరమైనా అందుతుంది, అన్నిచోట్లా అందదు. కోరికలకూ అనుమానాలకూ క్రియ మారే ఆ సబ్జంక్టివ్ దగ్గర నాకూ కళ్ళు తిరుగుతాయి. కానీ అక్కడ ఇంగ్లీషు వచ్చి పట్టుకున్నదీ లేదు.

ఇదంతా ఏ ఊళ్ళో? 1969 నుంచి ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవా సంస్థ, ఉన్న ఊళ్ళో. దాన్ని స్థాపించిన, బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 2009లో కన్నుమూసేదాకా పనిచేసిన ఊళ్ళో. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ 2010లో పిల్లలకు టెన్నిస్ బడి తెరిచిన ఊళ్ళో. స్పెయిన్ నుంచి జనం తాము చదివించే పిల్లలను చూసుకోవడానికి విమానమెక్కి, ఆపైన బెంగళూరు నుంచి రోడ్డెక్కి వచ్చే ఊళ్ళో. స్పానిష్ మా చెవులకు కొత్త కాదు. తమరి చెవులకే కొత్తలా ఉంది.

ఎందుకంటున్నానో తమరికి తెలుసు. నా పక్కన కూర్చున్న అక్క సంగతి.

ఆమె మా సాయినగర్ అక్క. స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట మా వీధిలో అద్దెకున్న రోజుల్లో వాళ్ళకు వంట చేసింది. వాళ్ళకు తెలుగు రాదు, ఈమెకు ఇంగ్లీషు రాదు. ఉప్పు ఎక్కువైందని వాళ్ళు చెప్పాలి, గ్యాసు అయిపోయిందని ఈమె చెప్పాలి. చెప్పుకున్నారు. వాళ్ళు ఊరికి తిరిగిపోయే నాటికి ఆమె స్పానిష్‌లో మార్కెట్టు ధరలు తిట్టేది. కాగితం ఒకటుంటే గెస్ట్‌హౌసుల్లో మంచి పని దొరుకుతుందని ఎవరో చెప్తే, డబ్బు కూడబెట్టుకుని తమరి దగ్గరకొచ్చింది. పొద్దున్నే లెవెల్ టెస్టు అని కాగితం ఇచ్చారు. "ఫిల్ ఇన్ ద బ్లాంక్స్ యూజింగ్ ప్రెజెంట్ పర్ఫెక్ట్." ఆ ప్రశ్న ఏమడుగుతోందో ఆమెకు తెలియలేదు. తెల్లకాగితం తిరిగిచ్చింది. సున్నా మార్కులు, బిగినర్ బ్యాడ్జీ, వెనక వరస.

మధ్యాహ్నం "రిపీట్ ఆఫ్టర్ మీ, బ్యూనాస్ టార్డెస్" అని ట్రైనర్ పాడుతుంటే ఆమె లేచి, మర్యాదగానే, "నో సె దీసె అసీ" అంది. అలా అనరు అని. రోజు మొత్తంలో ఆ హాల్లో ఒక మనిషి ఇంకో మనిషితో నిజంగా మాట్లాడిన స్పానిష్ అదొక్కటే. తమరి ట్రైనర్ ఏమన్నాడు?

"నో తెలుగు, మేడమ్. టెన్ రుపీస్."

అక్క కిక్కురుమనకుండా కొంగుముడి విప్పి పది కాగితం డబ్బాలో వేసింది. తప్పు తనదేమో అనుకుంది.

ఉస్తేద్ ఇక్కడితో సరి. ఇక తూ.

ఏం పెట్టుకుని అడిగావు ఆ పది? స్పానిష్ వినపడితే స్పానిష్ అని గుర్తుపట్టలేనివాడికి మైకిచ్చి, గుర్తుపట్టినామెను వెనక వరసలో కూర్చోబెట్టావు. ఆమె మాట అంత తేటగా, తెలుగంత దగ్గరగా ఉంది కాబట్టే నీకు తెలుగనిపించింది. ఇంగ్లీషు యాసలో "నో సే డైస్" అని ఉంటే చప్పట్లు కొట్టించేవాడివి.

అంతటితో ఆగావా? చివరి సెషన్‌లో సలమాంకా టూరు అమ్మకానికి పెట్టావు. 1218లో పుట్టిన యూనివర్సిటీ ఉన్న ఊరు, స్పానిష్ నేర్చుకోవడానికి ప్రపంచమంతా పోయే ఊరు, కాదనను. వీసా ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల కవరేజీ ఉన్న మెడికల్ ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇవి కాక నీ ప్యాకేజీ లక్షల్లో. ఇంత పోస్తే ఏమిస్తావయ్యా అంటే స్లైడు చూపించావు. "ఒక కుటుంబంతో వాళ్ళ ఇంట్లోనే ఉంటారు. ఇంటావిడకు ఇంగ్లీషు రాదు. కాబట్టి మీకు స్పానిష్ వచ్చి తీరుతుంది."

ఇంగ్లీషు రాకపోవడం సలమాంకా ఇంటావిడకు క్వాలిఫికేషన్, సాయినగర్ అక్కకు సున్నా మార్కులా?

నా ఫీజు నువ్వే ఉంచుకో, మా ఆఫీసుకు నేను చెప్పుకుంటా. "అయ్యో"కి కట్టిన పది కూడా ఉంచుకో, అది తెలుగే. అక్క పది రూపాయలు మాత్రం వాపసు చెయ్. పోస్టులో పంపకు, ట్రైనర్‌ను సాయినగర్ పంపు. వచ్చి ఆమె చేతికిచ్చి, ఎందుకిస్తున్నాడో స్పానిష్‌లో చెప్పమను. నోరు తిరగకపోతే తెలుగులో చెప్పినా ఆమె వింటుంది.

ఇట్లు,
వెనక వరస, బిగినర్ బ్యాడ్జీ
అనంతపురం