వెనిగర్, వంటసోడాతో చెక్క మీద ఏ మరకైనా పోతుందా? పోదు, పైగా కొత్త మరక పడొచ్చు

ఈ మధ్య ఎవరి ఫోన్ చూసినా ఒక చిట్కా వీడియో కనిపిస్తోంది. వెనిగర్‌లో వంటసోడా కలిపి ముద్దలా చేసి చెక్క బల్ల మీద మరకకు పట్టించాలట, అరగంట తడిగానే ఉంచాలట, అప్పటికీ పోకపోతే ఇనుప పీచుతో రుద్దాలట, ఇంకా మొండికేస్తే దాని మీదే కాస్త బ్లీచ్ పోయాలట, చివర్లో వంటనూనె రాస్తే చెక్కకు పోషణ అంది కొత్తదానిలా మెరుస్తుందట. ఏ చెక్కకైనా, ఏ మరకకైనా ఇదే మందు, అన్నీ ఇంట్లో ఉండేవే కాబట్టి భయం లేదు అని కూడా రాశారు. చాలామంది ఇది నిజమని నమ్మి మంచి ఫర్నిచర్ మీద ప్రయోగిస్తున్నారు. బ్లీచ్ మాటైతే ఫర్నిచర్‌తో ఆగేది కాదు, మనిషికే ప్రమాదం. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని చెబుతున్నాను.

ముందు "ఏ మరకకైనా" అన్న మాట. చెక్క సామాను మీద చెయ్యి పెడితే మనకు తగిలేది చాలాసార్లు చెక్క కాదు, దాని మీది పాలిష్. అది లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ కావచ్చు, లాకర్ అనే మెరుపు పూత కావచ్చు, పీయూ అంటే పాలీయురేథేన్ పూత కావచ్చు, ఉత్త మైనం కావచ్చు. మరక ఆ పాలిష్ పైన ఉందా, పొర లోపల ఉందా, పొర దాటి చెక్కలోకి దిగిందా అన్నది తేల్చుకోకుండా ఏ మందూ మొదలుపెట్టకూడదు. రంగు చూస్తే సగం తెలిసిపోతుంది. వేడి గిన్నె లేదా తడి గ్లాసు పెట్టిన చోట తెల్లటి రింగు వస్తే తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుంది, కింద చెక్క క్షేమంగా ఉంది. నల్లగానో ముదురు బూడిద రంగులోనో ఉంటే నీళ్లు చెక్క దాకా వెళ్లిపోయాయి. జిడ్డు పడిన చోట చెక్క అసలు రంగే ఇంకాస్త ముదురుగా కనిపిస్తుంది. పెన్ను సిరా, తలకు వేసుకునే రంగు లాంటివి మళ్లీ వేరే కథ. ఇన్ని రకాల మరకలకు ఒకే ముద్ద ఎలా పనిచేస్తుంది?

"బుడగలు వస్తున్నాయంటే మరకను లాగేస్తోందన్నమాట" అని వీడియోలో చెబుతారు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, అంతే. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మిగిలేది నీళ్లు, కొంచెం సోడియం అసిటేట్ అనే ఉప్పు. మామూలు వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం దాకా ఉంటుంది, అంటే 100 మిల్లీలీటర్ల వెనిగర్‌లో ఉన్న ఆమ్లమంతా పోవడానికి 7 గ్రాముల వంటసోడా చాలు. ముద్దలా చెయ్యడానికి అంతకు ఎన్నో రెట్లు వేస్తారు కదా, కాబట్టి చేతిలో ఉన్నది వెనిగర్ మందు కాదు, తడి సోడా. విడివిడిగా వాడితే వెనిగర్‌కు ఒక ఉపయోగం, సోడాకు ఒక ఉపయోగం ఉన్నాయి, కలిపితే వెనిగర్ ఉపయోగం పోతుంది, సోడా కూడా కొంత వృథా అవుతుంది.

మరి వీడియోలో మరక పోయింది కదా అంటారా? పోయే ఉంటుంది, అబద్ధమని నేననను. తెల్ల రింగు చాలాసార్లు పాలిష్ పైపొరలోనే ఉంటుంది, సోడా పొడి సన్నటి గరుకు కాబట్టి రుద్దితే ఆ పైపొర కొంచెం అరిగి తెలుపు తగ్గుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా పనిచేసేదీ ఇలాగే, అందులోనూ అరగదీసే పొడి ఉంటుంది. అంటే మరకను తీశారనడం కంటే పాలిష్‌ను గీకేశారనడం సరైన మాట. మెరిసే బల్ల మీద ఆ చోటు మసకగా మిగిలిపోతుంది, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు చూడండి, స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల రింగుకు ముందు చెయ్యాల్సిన పని ఏమీ చెయ్యకపోవడం. ఒకటి రెండు రోజులు ఆరనిస్తే చాలావరకు అదే పలచబడుతుంది. పోకపోతే హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ గాలి పట్టించాలి. ఇస్త్రీపెట్టె కూడా వాడొచ్చు గానీ ఆవిరి ఆపేసి, అతి తక్కువ వేడి మీద, మధ్యలో పొడి నూలు గుడ్డ వేసి, కొన్ని సెకన్లకోసారి ఎత్తి చూసుకుంటూ. లక్క పాలిష్ వేడికి తొందరగా మెత్తబడుతుంది, కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త.

అరగంట తడిగా ఉంచమనడం నాకు అసలు అర్థం కాని విషయం. నీళ్ల వల్ల వచ్చిన మరకకు మళ్లీ నీళ్లేనా? ఇప్పుడొచ్చే ఫర్నిచర్‌లో చాలావరకు పైన కనిపించేది వెనీర్, అంటే ప్లైవుడ్ మీదో, చెక్క నారను జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక మీదో అంటించిన పలచటి చెక్క పొర, చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని అంచు నుంచి తడి లోపలికి దిగితే జిగురు వదిలి పొర లేస్తుంది, కింద ఎండీఎఫ్ ఉంటే ఉబ్బుతుంది, ఉబ్బిన ఎండీఎఫ్ ఆరినా మళ్లీ మామూలుగా అవ్వదు.

ఇక ఇనుప పీచు. ఈ చిట్కాలో చెక్కను బాగా పాడుచేసేది ఇదే, ఎవరూ దీని గురించి మాట్లాడటం లేదు. టేకు, ఓక్, వాల్‌నట్, తుమ్మ లాంటి చెక్కల్లో టానిన్ అనే పదార్థం ఉంటుంది, ఒక్కో చెక్కలో ఒక్కో మోతాదులో. టానిన్‌కు తడిలో ఇనుము తగిలితే నీలి నలుపు రంగు పుడుతుంది. పాతకాలపు నల్ల సిరా తయారుచేసింది సరిగ్గా ఈ పద్ధతిలోనే, టానిన్ ఉన్న కాయల రసంలో ఇనుప లవణం కలిపి. మీ బల్ల మీద పూలకుండీ కిందో, తుప్పు పట్టిన మేకు చుట్టూనో కనిపించే మొండి నల్ల మరకలో చాలాసార్లు ఉన్నది ఇదే. ఇప్పుడు ఆలోచించండి, వడ్రంగి పనివాళ్లు కావాలనే చెక్కను నల్లగా చెయ్యాలనుకున్నప్పుడు ఇనుప పీచును వెనిగర్‌లో నానబెట్టి, ఆ నీళ్లు చెక్కకు పూస్తారు. ఈ చిట్కాలో ముందు వెనిగర్ అన్నారు, తర్వాత ఇనుప పీచు అన్నారు! సోడా తక్కువై ఆమ్లం కాస్త మిగిలిందంటే మీరు నల్లరంగు తయారుచేసి నల్ల మరక మీదే రుద్దుతున్నారన్నమాట. ఆమ్లం మిగలకపోయినా పీచు నుంచి విరిగిన సన్నటి ముక్కలు చెక్క నారల్లో ఇరుక్కుని, తడి తగిలినప్పుడల్లా కొత్త చుక్కలు వేస్తాయి. రుద్దడం తప్పదనుకుంటే ప్లాస్టిక్ పీచో సన్నటి శాండ్ పేపరో వాడండి, అదీ చెక్క గీతల వెంటే, అడ్డంగా వద్దు, వెనీర్ అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని.

నల్ల మరకకు నిజంగా పనిచేసే మందు ఆక్సాలిక్ ఆమ్లం. అది ఇనుమును పట్టుకుని నీళ్లలో కరిగేలా చేస్తుంది, అందుకే నలుపు విడిపోతుంది. అయితే పాలిష్ మీంచి పూస్తే లాభం లేదు, ముందు పాలిష్ తీసెయ్యాలి. ప్లాస్టిక్ గిన్నెలో వేడినీళ్లు పోసి ఈ ఆమ్లం పలుకులు కరిగించాలి, లోహపు గిన్నె వద్దు. మరక ఉన్నచోటే కాకుండా పలక మొత్తానికి పూయాలి, లేకపోతే ఆ చోటు ఒక్కటే తెల్లబడి కనిపిస్తుంది. తర్వాత చాలాసార్లు కడిగి బాగా ఆరనిచ్చాకే మళ్లీ పాలిష్. ఇది విషం. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, సరిగ్గా కడగకుండా శాండింగ్ చేస్తే ఆ పొడి ముక్కులోకి, గొంతులోకి పోయి మండుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే, లేదా బల్ల ఖరీదైనదో పాతదో అయితే, పాలిష్ పని తెలిసినవాళ్లకు అప్పగించడమే మంచిది.

నూనెతో చెక్కకు పోషణ అన్నది ఇంకో పెద్ద అపోహ. నరికి, ఆరబెట్టి, కోసిన చెక్కకు తిండి అవసరం లేదు. నూనె రాస్తే మెరుపు వచ్చినట్టు ఎందుకు కనిపిస్తుందంటే, పాలిష్‌లో ఏర్పడిన సన్నటి ఖాళీల్లోకి అది దూరి, వెలుతురు చెదిరిపోకుండా ఆపుతుంది, అందుకే తెల్ల మచ్చ మాయమైనట్టు ఉంటుంది. కొన్నాళ్లు అలా ఉంటే తప్పేముంది అనొచ్చు. వంటనూనెల్లో చాలావాటికి గట్టిపడే గుణం ఉండదు, జిడ్డుగానే ఉండిపోయి దుమ్ము పట్టుకుంటాయి, కొన్నాళ్లకు వాసన కూడా వస్తుంది. పైగా రేపు పాలిష్ వేయించాలంటే జిడ్డున్న చోట పట్టదు. గట్టిపడే నూనె కావాలంటే అవిసె నూనె ఉంది, కానీ దాన్ని పూసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, విప్పి బయట ఆరేసి ఆ తర్వాతే పారెయ్యాలి.

"ఇంట్లో ఉండేవే కాబట్టి భయం లేదు" అంటే, స్పిరిట్ ఉన్న శానిటైజర్ కూడా ఇంట్లో ఉండేదే, లక్క పాలిష్ మీద ఒక్క చుక్క పడితే ఆ చోటు కరిగిపోతుంది. కాబట్టి ఏది వాడినా ముందు బల్ల అడుగున కనిపించని మూల ఒకసారి పరీక్షించండి. దూదికి కాస్త స్పిరిట్ అద్ది అక్కడ రుద్దితే జిగటగా అయితే లక్క పాలిష్ అనుకోవచ్చు. స్పిరిట్‌కు చలించకుండా లాకర్ థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే పీయూ లాంటి గట్టి పూత అయ్యే అవకాశం ఎక్కువ.

చివరిది బ్లీచ్. బట్టలకు వాడే బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్, వెనిగర్ లాంటి ఏ ఆమ్లం తగిలినా అందులోంచి క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన గదిలో, ముఖం బల్ల మీదకు వంచి రుద్దుతున్న మనిషికి అది కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెనిగర్ రాసి తుడిచిన చోట కూడా పోయకండి, ఆక్సాలిక్ ఆమ్లంతోనూ కలపకండి, అమ్మోనియా ఉన్న క్లీనర్లతో అసలే వద్దు, అక్కడ ఇంకో విషవాయువు పుడుతుంది. పోనీ అంత సాహసం చేసినా ఇనుము వల్ల వచ్చిన నలుపుకు ఈ బ్లీచ్ పనిచెయ్యదు, అది తీసేది సిరా, డై లాంటి రంగులను. పొరపాటున బ్లీచ్‌తో వీటిలో ఏదైనా కలిసి ఘాటు వాసన వస్తే తుడవాలని చూడకుండా వెంటనే గదిలోంచి బయటకు వచ్చెయ్యండి. దగ్గు, ఆయాసం ఆగకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఈ చిట్కాను ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, మిగతాదంతా వదిలేసినా సరే, బ్లీచ్ మాట తప్పని ఈ రోజే వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి.