యాభై గంటల్లో ఎపిడెమియాలజిస్టు

టీచరన్నవాడికి ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచిదే. గంటలు లెక్కపెట్టడం తేలిక, బుర్రకెంత ఎక్కిందో లెక్కపెట్టడమే తలనొప్పి. అందుకే పోయిన నెల చెన్నైలో మేం కొందరు తెలుగు టీచర్లం టి.నగర్‌లో ఒక ఏసీ హాల్లో రెండు రోజులు కూర్చుని ఎపిడెమియాలజిస్టులమై, అంటే జబ్బులు ఎలా పాకుతాయో ఆరా తీసే ప్రజారోగ్య నిపుణులమై లేచాం. నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. మా బడి నుంచి నన్నే పంపారు. సైన్స్ మేడమ్‌కి పోర్షన్ మిగిలిపోయిందట.

పొద్దున జాన్ స్నో అనే ఇంగ్లీషు డాక్టరు కథ. 1854లో లండన్‌లో కలరా వస్తే, చావులు ఎక్కడెక్కడ జరిగాయో ఆరా తీసి, తప్పంతా బ్రాడ్ స్ట్రీట్ పంపుదేనని తేల్చి, దాని హ్యాండిల్ పీకించాడాయన. అంతకుముందు ఎన్ని గంటల శిక్షణ పూర్తిచేశాడో మాత్రం స్లైడులో లేదు.

తర్వాత రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు. దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అది వినగానే మా వరసంతా నిటారుగా కూర్చుంది. ఎంతైనా మన దోమ.

సాంబారన్నం అయ్యాక డెంగీ. ఈడిస్ దోమ పగలే కుడుతుంది, కదలని మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అంచుకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి కనక నీళ్లు పారబోస్తే సరిపోదు, తోమాలి. సరిగ్గా అప్పుడే నా చీలమండ దగ్గర చురుక్కుమంది.

చూద్దును కదా, ఏసీ పైపు కింద పాత పెయింటు బకెట్టు. అందులో లార్వాలు, అంటే దోమ పిల్లపురుగులు, తలకిందులుగా వేలాడుతున్నాయి. నేను వంగి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి, కాసేపటికి మళ్లీ పైకొచ్చాయి.

"ఏంది సార్, లైవ్ డెమోనా?" అన్నారు పక్కనున్న నెల్లూరు మాస్టారు.

చెయ్యెత్తి చెప్పాను. "వెరీ గుడ్ అబ్జర్వేషన్ సార్! కానీ సర్వే మాడ్యూల్ రేపు కదా" అన్నారు ట్రైనరు. బకెట్టు తియ్యబోతే వాచ్‌మన్ అడ్డొచ్చాడు. కార్పెట్ తడుస్తుందట, మెయింటెనెన్స్ వాళ్లు సోమవారం వస్తారట.

ఇందులో నేనెవర్నీ తప్పుపట్టను. బకెట్టు ఒంపి తోమడానికి రెండు నిమిషాలు. రెండు నిమిషాలకి సర్టిఫికెట్ ఎవరిస్తారు? అదే పనిని 84 స్లైడులకు సాగదీస్తే శాస్త్రానికీ గౌరవం, మన సర్వీసు రికార్డుకీ గౌరవం.

మర్నాడు సర్వే కూడా నింపాం, ఫోన్లలో. "మీ పరిసరాల్లో నిల్వనీరు ఉందా?" అవును అని నొక్కితే ఇంకో నాలుగు ప్రశ్నలు తెరుచుకుంటున్నాయి. టీ చల్లారిపోతోంది. నాతో సహా అందరం లేదనే నొక్కాం. మా హాలు నూటికి నూరు శాతం దోమరహితమని తెర మీద పచ్చటి చార్టు వచ్చింది, చప్పట్లు కొట్టాం.

తర్వాతి బ్యాచ్ పది రోజులకట. ఈలోపు బకెట్టులోవాళ్ల కోర్సు కూడా పూర్తవుతుంది.