యోబు గ్రంథం గారికి ఒక అవిశ్వాసి అర్జీ

యోబు గ్రంథం గారికి,

నమస్కారం. మీ మీద నాకు విశ్వాసం లేదు, కుతూహలం మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. నిన్న మధ్యాహ్నమంతా బైబిల్లోని మీ 42 అధ్యాయాలూ ఒక్క బిగిన చదివాను. నా అంతట నేను చదవలేదు లెండి. బిడ్డ పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్తే, అక్కడో పెద్దాయన ఆ తండ్రి భుజం మీద చెయ్యేసి, "యోబుకు అన్నీ రెండింతలు తిరిగి రాలేదా? అందులో జవాబుంది, చదువుకో" అన్నాడు. తండ్రి మాట్లాడలేదు. ఆయన కుర్చీ కింద వెల్క్రో పట్టీ ఊడిన చిన్న బూటు పడి ఉంది. ఒక్కటే.

సరే, జవాబు కోసం చదివాను.

చిల్లర ఫిర్యాదులు ముందు. అన్నీ పోతే యోబు దేవుణ్ణి తిడతాడని దేవుడితోనే పందెం కాసి, ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టిన సాతాను గారు రెండో అధ్యాయం తర్వాత ఎటు పోయారు? యోబు భార్యకూ పోయింది ఆ పదిమంది పిల్లలే కదా, ఆవిడకు ఒక్క మాట ఇచ్చి, ఆ ఒక్క మాటకే మూర్ఖురాలని ముద్ర వేస్తారా? ఎలీహు అనే కుర్రాడు మధ్యలో దూరి ఆరు అధ్యాయాలు దంచితే ఒక్కరూ బదులివ్వలేదు, చివర్లో దేవుడు కూడా అతని ఊసెత్తలేదు. (ఇది మాత్రం నాకు నచ్చింది.)

ఇక జవాబు. 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు. "నా పిల్లలు ఎందుకు చచ్చిపోయారు" అన్నది ప్రశ్నయితే, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావ్, కొండమేకలు ఎప్పుడు ఈనతాయో తెలుసా, మకరాన్ని గాలం వేసి లాగగలవా అని ఎదురు ప్రశ్నలు. తెలీదు స్వామీ, ఏదీ తెలీదు. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఏడే ఏడు మంత్రాల్లో, ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనున్నవాడికి తెలుసేమో, ఆయనకీ తెలీదేమో అనేసి ఊరుకుంటుంది. బైబిల్లోనే ఉన్న మీ బంధువు ప్రసంగి అంతా వ్యర్థం అని తెగ చెప్పి, చివర్లో దేవుడికి భయపడండి అంటూ సర్దుకున్నాడు. అదీ ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది ఆఖరి పేజీలో లెక్క. గొర్రెలు 7,000 పోతే 14,000 వచ్చాయి. ఒంటెలు 3,000కి 6,000. ఎద్దులు 500 జతలకు 1,000 జతలు. ఆడగాడిదలు 500కి 1,000. కొడుకులు ఏడుగురు పోయారు, ఏడుగురు వచ్చారు. కూతుళ్ళు ముగ్గురు పోయారు, ముగ్గురు వచ్చారు. చెల్లుకు చెల్లు. పిల్లలు రెండింతలు కాలేదేమని అడిగితే, పోయినవాళ్ళు పరలోకంలో ఉన్నారు కాబట్టి పదీ పదీ ఇరవై, సరిపోయింది కదా అనే వ్యాఖ్యాతలున్నారు. సరిపోయిందట!

పుట్టిన ముగ్గురు కూతుళ్ళకు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని పేర్లు రాశావు. అన్న ఇంట్లో భోజనం చేస్తూ, పెద్ద గాలికి కూలిన గోడల కింద నలిగిపోయిన ఆ పదిమందిలో ఒక్కరి పేరైనా రాశావా? కొత్త పిల్లను పిలవబోతే పాత పేరు ఆ తండ్రి నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో నీకు పట్టిందా? ఇంకా 140 ఏళ్ళు బతికాడని రాశావు. అన్నేళ్ళలో పెద్ద గాలి వీచిన ప్రతిసారీ ఏం చేసేవాడో రాయడానికి నీ దగ్గర చోటే లేదా? గాడిదల్ని లెక్కపెట్టడానికి మాత్రం ఉంది.

కోపంలో ఏకవచనంలోకి దిగాను, మన్నించండి. నిజానికి మిమ్మల్ని విసిరికొట్టి మళ్ళీ తీశాను, రెండు చోట్ల ఆగిపోయాను కాబట్టి. ఒకటి, "ఊరికే ఎందుకు చస్తారు, ఏదో పాపం ఉండే ఉంటుంది" అని ఉపన్యాసాలిచ్చిన ముగ్గురు స్నేహితుల మీద దేవుడికి కోపం రావడం, అరిచి గోల చేసిన యోబే సరిగ్గా మాట్లాడాడనడం. పెద్దాయన అక్కడిదాకా చదివినట్టు లేదు. రెండోది, అదే స్నేహితులు మొదట వచ్చినప్పుడు యోబు బాధ ఎంత పెద్దదో చూసి, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదట.

నేను ఏడు నిమిషాలు కూడా కూర్చోలేదు. దేవుడే లేడని పెద్దాయనతో వాదన పెట్టుకున్నాను, ఆ బూటు పక్కనే నిలబడి.

రేపు మళ్ళీ వెళ్తున్నాను. మిమ్మల్ని తీసుకెళ్ళను.

ఇట్లు,
మీ అవిశ్వాసి