ఖర్చు లేని సినిమాకి ఖర్చెవరు పెడుతున్నారు?

ఈ మధ్య మన గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: సినిమా తీయడానికి డబ్బెందుకు, జేబులో ఫోనుంది. గుమ్మం దాటితే కోనసీమంతా ఫ్రీ లొకేషన్. నటులు ఇంట్లోనే ఉన్నారు. బాపు గారు పులిదిండి అనే ఊరెళ్ళి 'సాక్షి' తీసేయలేదా? అమెరికాలో ఒకాయన ఏడు వేల డాలర్లతో తీసి హాలీవుడ్‌కి వెళ్ళలేదా? యూట్యూబ్‌లో పెడితే డబ్బులే డబ్బులు. ఇంకా తీయని వాడు బద్ధకస్తుడు.

నేను అమలాపురం చుట్టుపక్కల స్నేహితులతో కలిసి షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాను. తీయొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మెసేజ్ నమ్మి దిగిన కుర్రాళ్ళు సగంలో ఆగిపోయి, తమకి చేతకాలేదు అనుకుంటున్నారు. చేతకాకపోవడం కాదది, లెక్క తప్పుగా చెప్పడం. కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

"ఫోను చాలు." బొమ్మ వరకు ఇది చాలా వరకు నిజమే, ఒప్పుకుంటాను. ఎడిటింగ్‌కి కూడా డావిన్సీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతోంది. కానీ ఫోనుతో తీశారని అందరూ చెప్పుకునే 'టాంజరీన్' (2015) సంగతి పూర్తిగా చెప్పాలి కదా. తీసింది ఐఫోన్ 5ఎస్‌లతోనే, బడ్జెట్ మాత్రం సుమారు లక్ష డాలర్లు. ఫోనుకి తగిలించిన ప్రత్యేకమైన లెన్సు, బొమ్మ కుదుపు లేకుండా పట్టే స్టెడీక్యామ్, పని తెలిసిన మనుషులు, వీటన్నిటి తర్వాతే ఆ ఫోను. మన దగ్గర మే నెల ఎండలో 4కేలో కాసేపు తీస్తే ఫోను వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. ట్యూబులైటు కింద సెకనుకి 30 ఫ్రేముల్లో తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టుకోవాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే, పెద్ద అడ్డంకులు కావు.

పెద్ద అడ్డంకి ఆ మెసేజ్‌లో అసలు లేనే లేదు. అది సౌండు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే అర నిమిషంలో వేరే వీడియోకి వెళ్ళిపోతారు. డెల్టాలో నిశ్శబ్దం ఎంత అరుదో మైకు పెట్టేదాకా తెలియదు. తెర మీద కొబ్బరితోట ప్రశాంతంగా ఉంటుంది. గాలి వీస్తే చాలు, మట్టల చప్పుడు వాన కురుస్తున్నట్టు రికార్డవుతుంది. భీమవరం వైపు, అంతర్వేది వైపు రొయ్యల చెరువుగట్ల మీద సీను పెట్టుకుంటే నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్ల మోత, కరెంటు పోతే జనరేటర్ల మోత. "కాసేపు ఆపండి బాబాయ్" అని రైతుని అడగలేం. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే పోయేది ఆయన పెట్టుబడి. వానాకాలం రాత్రి తీస్తే కప్పలు, తెల్లవారుజామున తీస్తే గుడి మైకు, మధ్యాహ్నం తీస్తే ఎవరింట్లోనో గ్రైండరు. కప్పల చప్పుడు సీనుకి అందమే కదా అనొచ్చు. ఒకే షాటులో అయితే అందమే. ఒక షాటులో ఉండి, కట్ చేసిన పక్క షాటులో లేకపోతే చూసేవాడికి డైలాగు మీద ధ్యాస పోతుంది.

అందుకే మేము ప్రతి చోటా పని ముగించే ముందు అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం పాటు ఆ చోటి చప్పుడు మాత్రమే రికార్డు చేస్తాం. ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే దిక్కు. కాలర్ మైకు రెండు మూడు వేలకి వస్తుంది, ఫోను తర్వాత మొదట కొనాల్సింది అదే. సౌండు విడిగా రికార్డు చేస్తే ఇంకో తంటా. చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని స్థిరంగా తీయవు, అటూ ఇటూ అవుతుంటాయి. అందుకని టేక్ పొడవుగా ఉంటే చివరికొచ్చేసరికి పెదవులకీ మాటకీ సింక్ తప్పుతుంది. డబ్బింగ్ చెప్పిద్దామంటే స్టూడియో అద్దె. మేము అద్దాలన్నీ మూసేసిన కారులో కూర్చోబెట్టి చెప్పిస్తాం. ఏసీ వేయకూడదు, మైకులో పడుతుంది. ఆ చెమటలో సరసమైన డైలాగు చెప్పించడం ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

"కోనసీమంతా ఫ్రీ లొకేషన్." ఈ మాట అన్నవాళ్ళు సంక్రాంతికి వచ్చి కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వెళ్ళిపోయేవాళ్ళయి ఉంటారు. ఇక్కడి లొకేషన్ మన కోసం ఆగదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు వచ్చే నీళ్ళు దాళ్వా (రెండో పంట) అయ్యాక వేసవిలో కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. నిండు కాలువ గట్టున మార్చిలో సగం సీను తీసి మిగతా సగం మేలో తీద్దామంటే అక్కడ బురద, ఎండిన గుర్రపుడెక్క కనిపిస్తాయి. పొలమూ అంతే. సార్వా (మొదటి పంట) ఊడ్పుల నుంచి కోతల దాకా నాలుగైదు రంగులు మారుతుంది. డబ్బున్న యూనిట్ అయితే ఒక్క షెడ్యూల్లో తీసుకుని వెళ్ళిపోతుంది. ఆదివారం ఆదివారం కలుసుకుని తీసే మాలాంటి వాళ్ళకి ఒకే సీనులో చేను పచ్చగా మొదలై పండిపోయి ఉంటుంది. ఇక జూలైలో గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే అంతకుముందు తీసిన నీలం నది షాట్లతో ఏ కలర్ గ్రేడింగూ కలపలేదు. లంక ఊళ్ళలో కథ పెట్టుకుంటే ఆ రోజుల్లో రేవు దాటించే పంటు నడుస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

ఒక్కోసారి లొకేషనే పోతుంది. కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరు చెట్టు ఎన్ని సినిమాల్లో కనిపించిందో అందరికీ తెలుసు. సినిమా చెట్టు అనే పిలిచేవారు. 2024 ఆగస్టులో కూలిపోయింది.

చెట్లు ఉన్నచోట కూడా వెలుగు తేలిక కాదు. మిట్టమధ్యాహ్నం కొబ్బరి నీడ గళ్ళు గళ్ళుగా పడుతుంది. ముఖం మీద ఒక గడి తెల్లగా మాడిపోయి, పక్క గడి నల్లబడుతుంది. అరటితోటలో అయితే ఆకుల పచ్చదనం చర్మం మీద పడి మనిషి జబ్బు మనిషిలా కనిపిస్తాడు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయాలి, మధ్యలో యూనిట్ మొత్తానికి భోజనం పెట్టాలి. మన ప్రాంతంలో పనికి వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపించలేం. మా లెక్కల్లో ఎప్పుడూ పెద్ద పద్దు భోజనాలే, తర్వాత పెట్రోలు.

డ్రోన్ గురించి ఒక్క మాట: 250 గ్రాములు దాటిందానికి 2021 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరుండాలి. మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఎగరేసే ముందు అది ఏ జోనో చూసుకోవాలి. పెళ్ళిళ్ళలో ఎగరేసేస్తున్నారు కదా అంటే అది జవాబు కాదు.

"నటులు ఇంట్లోనే ఉన్నారు." ఉన్నారు, ఆ మాటకి గోదావరి జిల్లాలు పెట్టింది పేరు. ఎస్.వి. రంగారావు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచే వచ్చారు. పాలకొల్లు సంగతి సరే సరి: అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ. ఇప్పటికీ పరిషత్తు నాటకాలాడే పెద్దవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. కానీ ఆఖరి వరుసకి వినిపించేలా అలవాటైన గొంతుని మూడడుగుల దూరంలోని కెమెరా ముందు తగ్గించడం ఆయనకీ కష్టమే, చెప్పే మనకీ ఇబ్బందే. "ఇంకొంచెం తక్కువగా మాస్టారూ" అని ఎన్నిసార్లని అంటాం? ఆడపాత్రలు మరీ కష్టం. అమ్మాయికి ఇష్టం ఉన్నా వాళ్ళ నాన్నగారు, పెదనాన్నగారు, పక్కింటివాళ్ళు అందరూ ఒప్పుకోవాలి. యూట్యూబ్‌లో కింద ఎవడేం కామెంట్ పెడతాడో అన్న వాళ్ళ భయం అన్యాయమైంది కూడా కాదు. అందుకే వాళ్ళింట్లో పెద్దవాళ్ళకి ముందు కథ మొత్తం చదివి వినిపిస్తాం. డబ్బు ఇవ్వడం లేదు కాబట్టి ఎవరినీ గట్టిగా అడగనూ లేం. మా హీరో ఒకసారి సగం షూటింగ్‌లో ద్వారకా తిరుమల వెళ్ళి గుండుతో తిరిగొచ్చాడు. మొక్కు వాళ్ళమ్మగారిది. ఏమనగలం? మిగతా సీన్లన్నీ తలపాగాతో రాసుకున్నాం.

"బాపు గారు పులిదిండిలో అలాగే తీశారు." 'సాక్షి' 1967లో పులిదిండిలో తక్కువ ఖర్చుతోనే తీశారు. అయితే అప్పటికి దానికి రాసిన ముళ్ళపూడి వెంకటరమణ 'రక్తసంబంధం' లాంటి సినిమాలకు రాసి పేరు తెచ్చుకున్నవారు, బాపు పత్రికల బొమ్మల్లో, ప్రకటనల రంగంలో ఏళ్ళ తరబడి పనిచేసినవారు. సంగీతం కె.వి. మహదేవన్. ఏ ఫ్రేములో ఏముండాలో తెలిసినవాళ్ళు చేతిలో డబ్బు తక్కువగా ఉండి తీయడం వేరు, ఏమీ తెలియకుండా తీసేయొచ్చనడం వేరు.

ఏడు వేల డాలర్ల కథ కూడా అంతే. 'ఎల్ మరియాచి' తీసిన రాబర్ట్ రోడ్రిగ్జ్ ఆ డబ్బులో కొంత ఎలా తెచ్చాడో ఈ మెసేజ్ రాసినవాళ్ళు చెప్పరు. మందుల కంపెనీ ప్రయోగాలకు తన ఒంటినే అప్పగించి సంపాదించాడు. దానికి ముందు ఇంట్లో తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పెట్టి ఎన్నో చిన్న సినిమాలు తీశాడు. థియేటర్లలో జనం చూసింది ఆ ఏడు వేలకి తయారైన ప్రింటు కూడా కాదు. కొలంబియా పిక్చర్స్ దాన్ని 35 ఎంఎంకి మార్చి, సౌండు బాగుచేయించి, ప్రచారానికి అంతకు ఎన్నో రెట్లు పెట్టి విడుదల చేసింది.

"యూట్యూబ్ డబ్బులు." ఇక్కడ లెక్క వేసుకుంటే చాలు. ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. మన సినిమా 12 నిమిషాలదైతే 20,000 మంది మొదటి నుంచి చివరిదాకా చూడాలి. జనం సగటున సగమే చూస్తారనుకుంటే 40,000 మంది. అదంతా అర్హత కోసమే, ఆదాయం ఆ తర్వాత మొదలవుతుంది. నేపథ్యంలో ఒక సినిమా పాట వాడుకున్నామనుకోండి, ఎవరి పాటో గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ, కంటెంట్ ఐడీ, పట్టుకుంటుంది, వచ్చే నాలుగు రూపాయలూ పాట హక్కుదారుకి పోతాయి. పెళ్ళి సీనులో వెనక ఎక్కడో బ్యాండువాళ్ళు వాయించిన పాట అయినా చిక్కులు రావచ్చు.

మరి ఎందుకు తీస్తున్నారయ్యా అంటే, ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టరుతో వేసినప్పుడు జనం మధ్య కూర్చోవడం కోసం. నవ్వుతారనుకుని రాత్రంతా కూర్చుని కట్ చేసిన చోట ఒక్కరూ నవ్వరు. మనం పట్టించుకోని ఒక షాటులో ఎవరి గేదో అడ్డం వస్తే హాలంతా గొల్లుమంటుంది. ఎడిటింగ్ అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసినంత ఏ ట్యుటోరియల్ లోనూ తెలియదు. రెండోది, నిజంగా చేతికందే ప్రయోజనం: మాతో మొదలుపెట్టినవాళ్ళలో కొందరు పెళ్ళి వీడియోల మీద బతుకుతున్నారు. ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు దిండి వచ్చే జంటలకి ఏ గట్టు మీద ఏ పూట వెలుగు బాగుంటుందో వాళ్ళకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. హైదరాబాద్ పిలుపు రాకపోయినా ఆ పని ఉంటుంది.

చివరిది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది: "తీయని వాడు బద్ధకస్తుడు." ఖర్చు లేదన్న ప్రతి చోటా ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు. పాతికమందికి వండిన అమ్మ, పెట్రోలు పోయించిన స్నేహితుడు, కొబ్బరికాయల దింపు వాయిదా వేసుకుని తోట ఇచ్చిన రైతు. మేము ఇవన్నీ ఒక పుస్తకంలో రాస్తాం, డబ్బు ఇవ్వలేకపోయినా పేరు టైటిల్స్‌లో వేస్తాం. అలా పెట్టగలిగేవాళ్ళు చుట్టూ లేని కుర్రాడి సంగతేంటి? మా అందరిలో ఫ్రేము మంచిగా పెట్టేవాడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటాడు. పగలు పడుకోకపోతే మళ్ళీ రాత్రికి నిలబడలేడు, సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. అతన్ని బద్ధకస్తుడనే హక్కు ఎవరికుంది? మా తర్వాతి షూటింగ్ తేదీ, ఆ చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడో తేలాకే పెట్టుకుంటాం.