నగరం సగటు వద్దు, బడివారీ లెక్క కావాలి

హైదరాబాద్ బడుల సీట్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు కలిపి చూడాలన్న మీ వ్యాసం చాలా అవసరమైనది. దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర విద్యాశాఖ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో, ప్రతి బడిలో ఎంతమంది చేరారు, గదులెన్ని అన్న వివరాలు ఉంటాయి. కానీ అది ఏడాదికోసారి తీసే లెక్క. వలస కూలీల పిల్లలు మధ్యలో వచ్చి చేరతారు, పని అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్ల జాడ తెలిసేది రోజువారీ భోజనం లెక్కలోనే. అది నిజాయితీగా రాస్తేనే సుమా! హాజరైన వాళ్లందరూ తిన్నట్టు రాసేస్తే, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలెందరో, అన్నం బాగాలేక వదిలేసేవాళ్లెందరో ఎలా తెలుస్తుంది? గుడ్డు పెట్టే రోజు, పెట్టని రోజు తిన్నవాళ్ల సంఖ్యను విడిగా, ప్రతి నెలా, బడి పేరుతో సహా బయటపెట్టాలి. కొత్త గదులు ఏ బస్తీలో కట్టాలో కూడా ఆ సంఖ్యలను చూసే నిర్ణయించాలి.