నాయిస్ సప్రెషన్ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ నాయిస్ సప్రెషన్ గారికి,

ఉభయకుశలోపరి. అంటే, మీరు కుశలమే. మొన్న వీడియో కాల్‌లో కర్ణాటక గాత్రం పరీక్ష ఇచ్చిన నేనే ఇంకా తేరుకోవాలి.

పరీక్షాధికారి ఒక్కరే ఉంటారనుకున్నాను. ఆయన చెవికి ఏది చేరాలో తేల్చేందుకు, కాల్‌లో రొదను వడకట్టే సాఫ్ట్‌వేర్ మీరు మధ్యలో కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఏది నాదం, ఏది రొద అన్నది తెలియడానికి మాలాంటివాళ్లకు జన్మంతా పడుతుంది. మీకు రెప్పపాటు చాలు.

"శ్రుతి వేసుకోండమ్మా" అన్నారాయన. గొంతుకు ఆధారంగా ఆగకుండా మోగే తంబురా వేసే ఉంది సార్, 5వ శ్రుతి అన్నాను. వినపడట్లేదన్నారు. సౌండ్ పెంచాను. రెండు క్షణాలు వినపడి మాయమైందట. ఇంకా పెంచాను. ఇక్కడ గది దద్దరిల్లుతోంది, అక్కడ చీమ చిటుక్కుమనదు. మీ లెక్కేమిటో తర్వాత బోధపడింది: మారకుండా ఒకే తీరుగా మోగుతూ ఉంటే అది రొదే. ఫ్యాన్ అలాగే మోగుతుంది, తంబురా అలాగే మోగుతుంది. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అని నాలుగు తీగలకూ పేర్లు పెట్టుకుని మురిసిపోయేది మేమే. మీకది ఐదో నంబర్లో తిరుగుతున్న ఫ్యాన్.

సరే, తారషడ్జం మీద, అంటే పై స్థాయి 'స' మీద నిలబడ్డాను. "కదలకుండా నిలుపు" అని గురువుగారు ఏళ్ల తరబడి నా ప్రాణం తీశారు. కదలకుండానే నిలిపాను. అదే నా తప్పయింది. కాసేపటికి మీరు నన్నూ ఫ్యాన్ల జాబితాలో వేసేశారు. ఊపిరి చాలక గొంతు వణికిన ముక్క మాత్రం చక్కగా వినపడిందట. కాలింగ్ బెల్ కూడా. గురుముఖంగా నేర్చిన దాని పాఠాంతరం ఎక్కడా చెడలేదు.

మీ తోడబుట్టిన ఎకో క్యాన్సిలేషన్ గారి సంగతి కూడా ఇక్కడే మనవి చేసుకుంటాను. మోహన రాగ వర్ణం చిట్టస్వరాల్లో ఒక స్వరం బాగా పడింది. పరీక్షాధికారి మంచి మనిషి, మనసాపుకోలేక "ఊఁ" అన్నారు. కచేరీలో ముందు వరసలోంచి ఆ ఒక్క ఊఁ వస్తే పాడేవాళ్లకు ఏనుగంత బలం. ఇక్కడ ఆయన ఊఁ అనగానే నా గొంతు తెగింది! అవతలివాళ్ల మాట ఇవతలి మైకులోంచి తిరిగి వాళ్లకే వెళ్లకుండా చూడటం ఎకో క్యాన్సిలేషన్ గారి డ్యూటీ; ఆ హడావిడిలో ఇవతలి గొంతునూ నొక్కేస్తారు. "ఆగిపోయారేంటమ్మా?" అన్నారు పరీక్షాధికారి. ఆగలేదు సార్ అని పాడుతూ ఎలా చెప్పను? ఆ తర్వాత బాగా పాడాలంటేనే భయం వేసింది, మెచ్చుకుంటారేమోనని.

తాళం తాను వేస్తానన్నారు, దానికి పాడమన్నారు. నిమిషానికి 75 అక్షరాల (తాళం దెబ్బల) నడకలో ఒక్కో అక్షరానికి 0.8 సెకను. ఆయన దెబ్బ నా దాకా రావడానికి 0.2, నా పాట ఆయన దాకా పోవడానికి ఇంకో 0.2 అనుకున్నా, సగం అక్షరం దారిలోనే ఖర్చు. నేను సమ గ్రహంలో, అంటే తాళంతో పాటే ఎత్తుకున్న పాట అక్కడికి అనాగత గ్రహంలో, అంటే తాళం మొదలయ్యాక దిగింది. ఇది మాత్రం మీ తప్పు కాదులెండి, దూరానిది.

ముందుగా కెమెరా తిప్పి గది నాలుగు మూలలూ చూపించమన్నారు, కాపీ కొడతానేమోనని. అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనాస్వరాలు ఎక్కడ చూసి పాడగలనో ఆ చిట్కా ఎవరైనా చెబితే జన్మంతా రుణపడి ఉంటాను.

మిమ్మల్ని పూర్తిగా తప్పుపట్టను. మీరు పుట్టింది ఆఫీసు మీటింగుల కోసం. మీ తాతగారు టెలిఫోన్ అయితే 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా తప్ప మోయనే మోయడు. "హలో, వినపడుతోందా" అనుకోవడానికి అది చాలు. అలాంటి వంశంలో పుట్టినవారి ముందు మంద్రం, తారం అంటూ కిందికీ పైకీ పోయిన నాదే అత్యాశ.

ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. పరీక్షాధికారి రాసిన మాట: "శ్రుతి లేకుండా పాడటం ధైర్యమే. శ్రుతి పెట్టుకుని సాధన చేయవలెను."

నిన్న మా అబ్బాయి సెట్టింగ్స్‌లో మూడు పొరలు తవ్వి మిమ్మల్ని ఆపే మీట కనిపెట్టాడు. వెంటనే గురువుగారికి వీడియో కాల్ చేసి, తంబురా వేసి, తారషడ్జం మీద నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"ముందు ఆ ఫ్యాన్ ఆపమ్మా" అన్నారు.

ఇట్లు,
మీరు నొక్కిన గొంతుల్లో ఒకర్తె