చందా మాదే, యాడ్లూ మాకే

పోయిన ఉగాదికి ఎవరూ అడక్కుండానే ఐదొందలు కొట్టాను, పాత పద్యాలకి అర్థాలు పెట్టే సైటు కదా, తలా ఓ చెయ్యేస్తే నడుస్తుందని. నిన్న రాత్రి పాప హోంవర్కు కోసం తెరిస్తే మొదటి పాదం కనపడిందో లేదో అడ్డంగా ప్లాట్ల యాడ్, మూద్దామంటే ఆ ఇంటూ మార్కు ఆవగింజంత, వేలు జారి ఇంకెక్కడికో పోయింది, వెనక్కొస్తే "విరాళం ఇవ్వండి" అని ఇంకో డబ్బా! ఇచ్చాను కదయ్యా! సర్వర్ ఖర్చులుంటాయి, కాదన్ను, కింద ఓ మూల ఒక్కటి పెట్టుకో, ఎవడొద్దన్నాడు? పద్యానికి పాదాలు నాలుగు, యాడ్లు ఐదా? 2001లో మొదలైన వికీపీడియా యాడ్లు లేకుండా చందాల మీదే లాక్కొస్తోందిగా మరి. పాపేమో "నాన్నా, రెండో పాదం తర్వాత లోన్ కావాలా అని కూడా రాయాలా?" అంటోంది.